‘సాఫ్ట్‌వేర్ తీసుకోవడం లేదు’ అంటే అర్థం ఏమిటి? డిజిటల్ వ్యవహారాలపై అపోహలు, వాస్తవాలు

హనుమకొండ కోర్టులో వకీలుగా నా దగ్గరకు వచ్చే తగాదాల్లో ఫోనుతోనో, ఏదో ఒక పోర్టల్‌తోనో ముడిపడనివి ఇప్పుడు తక్కువ. భూమి గొడవ అయినా మొదట చేతికిచ్చేది ఆన్‌లైన్ పహాణీ ప్రింటు. కుటుంబ తగాదా అయినా మొదట చూపించేది వాట్సాప్ సందేశాలు. వచ్చినవారిలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది: ఈ టెక్నాలజీ తనంతట తాను వచ్చి పడింది, దానితో వాదించి లాభం లేదని. ఈ నమ్మకం వల్ల జనం ఎంత నష్టపోతున్నారో దగ్గరగా చూస్తున్నాను. తెరమీద ‘కుదరదు’ అని కనిపించిన చోట ఒక చట్టమో, ఒక జీవోనో, ఒక కంపెనీ ఆదాయం లెక్కో ఉంటుంది. అది ఎవరి నిర్ణయమో తెలిస్తే ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో ఆప్షన్ లేదు కాబట్టి ఎవరూ ఏమీ చేయలేరు

ములుగు, భూపాలపల్లి, జనగామ వైపు నుంచి వచ్చే రైతులు తహసీల్దార్ కార్యాలయంలో విన్న మాటగా దీన్ని చెబుతారు. భూ రికార్డుల ధరణి పోర్టల్ 2020 అక్టోబర్ 29న మొదలైంది. దాని వెనుక అదే ఏడాది వచ్చిన కొత్త ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం ఉంది. రికార్డులో తప్పు పడితే తహసీల్దార్‌ను అడిగి, కాదంటే ఆర్డీవోకు అప్పీలు చేసుకుని సరిదిద్దించుకునే పాత పద్ధతిని ఆ చట్టం తీసేసింది. కాబట్టే పోర్టల్‌లో కూడా ఆ దారి లేదు. తర్వాత టీఎం-33 (పాస్‌బుక్ వివరాల్లో తప్పులు దిద్దే దరఖాస్తు) లాంటి మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా చేర్చినప్పుడు ఊళ్లలో ‘ఆప్షన్ వచ్చింది’ అని చెప్పుకున్నారు. నిజానికి వచ్చింది ఆప్షన్ కాదు, అధికారం. ఏ అధికారికి ఏ తప్పు సరిదిద్దే అధికారం ఇస్తే అంతవరకే బటన్ కనిపించింది.

సాదా బైనామాల సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. తెల్లకాగితం మీద కొనుక్కున్న భూముల క్రమబద్ధీకరణకు 2020 అక్టోబర్, నవంబర్ నెలల్లో ప్రభుత్వం దరఖాస్తులు పిలిస్తే సుమారు 9 లక్షలు వచ్చాయి. ఈలోగా 1971 నాటి పాత ఆర్‌ఓఆర్ చట్టం రద్దయింది. కొత్త చట్టంలో సాదా బైనామాల క్రమబద్ధీకరణకు సెక్షనే లేదు. లేని సెక్షన్ కింద ఎలా చేస్తారని హైకోర్టు అడిగి ప్రక్రియను ఆపింది. అంతమంది ఏళ్ల తరబడి ఎదురుచూసింది సర్వర్ బాగుపడాలని కాదు, చట్టం మారాలని. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్లను తిరిగి తెచ్చింది, సాదా బైనామాలకు నిబంధన పెట్టింది. కాబట్టి ఇకమీద ‘తీసుకోవడం లేదు’ అంటే సరేనని వెనక్కి రాకండి. ఏ సెక్షన్ కింద తిరస్కరిస్తున్నారో రాసి ఇమ్మని అడగండి. రాతపూర్వక ఉత్తర్వు ఉంటే అప్పీలు ఉంటుంది. నోటిమాట మీద అప్పీలు ఉండదు.

రేషన్ కార్డుల విషయంలో జరిగింది దీనికంటే బాధాకరం. కంప్యూటర్‌లో వివరాలు సరిపోల్చి అనర్హులంటూ తెలంగాణలో లక్షల కార్డులు రద్దు చేశారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులపై క్షేత్రస్థాయిలో విచారణ జరపాలని ఆదేశించింది. ఇంటికి ఒక మనిషి వెళ్లి చూడకుండా కంప్యూటర్ జాబితా ఒక్కటే పట్టుకుని పేదవాడి బియ్యం ఆపడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: యూపీఐ ఉచితం, దాని ఖర్చు ఎవరికీ లేదు

మీకు ఉచితం. ఖర్చు మాత్రం ఉంది. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై వ్యాపారుల నుంచి ఎండీఆర్ (ప్రతి చెల్లింపులో బ్యాంకులు కోసుకునే రుసుము) తీసుకోకూడదని కేంద్రం చట్టపరంగా నిర్ణయించింది. ఆ లోటు కొంత పూడ్చేందుకు ప్రోత్సాహకాలు ఇస్తోంది. 2024-25కు చిన్న వ్యాపారుల దగ్గర జరిగే చెల్లింపుల కోసం మంత్రివర్గం ఆమోదించిన మొత్తం సుమారు 1,500 కోట్ల రూపాయలు. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ప్రభుత్వ శాఖ కాదు, అలాగని మామూలు ప్రైవేటు కంపెనీ కూడా కాదు. రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘం చొరవతో 2008లో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ. యూపీఐ లావాదేవీల్లో ఏ ఒక్క యాప్ వాటా 30 శాతం దాటకూడదని అది 2020లోనే చెప్పింది. దాని అమలు గడువు వాయిదా పడుతూ 2026 చివరికి చేరింది. మన చౌరస్తాలోని ఏ దుకాణం ముందు నిలబడినా స్కానర్లు రెండు కంపెనీలవే ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంకొకటి చెప్పాలి. యూపీఐలో వచ్చిన ప్రతి రూపాయికీ జాడ ఉంటుంది. 2025 జులైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు ఇవ్వడంతో కొందరు స్కానర్లే తీసేశారు. అక్కడ సరుకులకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 40 లక్షలు. తెలంగాణలో 20 లక్షలే. ఈ తేడా మన వ్యాపారుల్లో చాలామందికి తెలియదు. అయితే యూపీఐలో వచ్చినదంతా పన్ను పడే అమ్మకం కాదు. చేబదులు, పన్ను లేని కూరగాయలు, పాలు కూడా అందులో కలిసి ఉంటాయి. నోటీసు వస్తే భయపడి పారిపోవద్దు, విడదీసి లెక్క చూపించండి.

అపోహ: లోన్ యాప్‌కు కాంటాక్టులు చూసే అనుమతి ఇచ్చాం, ఇక వాళ్లకు హక్కు ఉంది

లేదు. 2022 సెప్టెంబర్ 2న రిజర్వు బ్యాంకు మొదట తెచ్చిన డిజిటల్ రుణాల నియమాల ప్రకారం రుణ యాప్‌లు ఫోనులోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫోటోల జోలికి వెళ్లకూడదు. కెమెరా, లొకేషన్ లాంటివి ఖాతా తెరిచేటప్పుడు ఒక్కసారి, మీ ఒప్పుకోలుతో మాత్రమే. అప్పు డబ్బు నేరుగా మీ ఖాతాకు రావాలి. వడ్డీ, రుసుములు అన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో ముందే చెప్పాలి. 2020 చివర్లో ఈ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అలా వేధించడం నేరమని ఆ పిల్లలకు తెలియలేదు, చెప్పేవారూ లేకపోయారు. మీ బంధువులందరికీ ఫోన్ చేసి పరువు తీస్తామంటే అది వసూలు కాదు, నేరం. బాకీ ఉన్నా సరే ఫిర్యాదు చేయవచ్చు.

అపోహ: ఆన్‌లైన్‌లో పోయిన డబ్బు పోయినట్టే

ఎంతసేపట్లో చెప్పారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో నాలుగింటికి పంచేస్తారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేస్తే ఆ గొలుసులోని బ్యాంకులకు సమాచారం వెళ్లి, ఇంకా మిగిలి ఉన్న మొత్తాన్ని హోల్డ్‌లో పెడతారు. ముందు స్టేషన్‌కు వెళ్లాలా, బ్యాంకుకు వెళ్లాలా అని ఆలోచిస్తూ పొద్దు పోనివ్వకండి. ముందు 1930, వెంటనే మీ బ్యాంకు. హోల్డ్‌లో ఉన్న డబ్బును కోర్టు ఉత్తర్వుతో వెనక్కి తెచ్చుకోవచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా చాలామందికి తిరిగి ఇప్పించారు.

బ్యాంకు బాధ్యత గురించి కూడా తెలుసుకోవాలి. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా వ్యవస్థలో ఇంకెక్కడో జరిగిన లోపం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే మీపై భారం సున్నా. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా జమ చేయాలి. తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సింది కూడా బ్యాంకే. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం మీదే. చేసిన తర్వాత కూడా డబ్బు పోతే అది బ్యాంకు నెత్తిన పడుతుంది. ఫిర్యాదు చేసిన గంట, నిమిషం రాసిపెట్టుకోమని అందుకే చెబుతాను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మోసపు డబ్బు తెలియకుండా ఒక కిరాణా దుకాణానికి యూపీఐలో వస్తే, ఎక్కడో వేరే రాష్ట్రపు పోలీసుల కోరిక మీద ఆ వ్యాపారి ఖాతా మొత్తం స్తంభిస్తుంది. వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపాలి తప్ప ఖాతా అంతా బిగించకూడదని పలు హైకోర్టులు చెప్పాయి. అమ్మకం బిల్లుతో దర్యాప్తు అధికారికి రాయండి, బ్యాంకుకు నకలు పంపండి.

అపోహ: ‘డిజిటల్ అరెస్టు’ కొత్త చట్టాల్లో వచ్చింది

రాలేదు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో భయపెట్టి డబ్బు గుంజే మోసం అది. వీడియో కాల్‌లో అరెస్టు చేసే అధికారం దేశంలో ఏ పోలీసుకూ, సీబీఐకీ, జడ్జికీ లేదు. ఫోన్ పెట్టేయండి. 2024లో అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టంలో నిజంగా వచ్చింది వేరే: ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి, 3 రోజుల్లోగా వెళ్లి సంతకం చేసే వీలు.

అపోహ: స్క్రీన్‌షాట్ ఉంటే కేసు గెలిచినట్టే

2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లో ఉంది. దాని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారం నకలుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో మొదటి భాగం ఆ పరికరాన్ని వాడిన వ్యక్తి, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఫైలు మారలేదని చూపే హాష్ విలువ కూడా రాయాలి. నిపుణుడి సంతకం అనే ఈ నిబంధన నర్సంపేటలోనో, పరకాలలోనో ఉన్న సామాన్య కక్షిదారుకు పెద్ద భారం. చట్టం రాసినవారు జిల్లా కోర్టుల పరిస్థితి ఆలోచించలేదనిపిస్తుంది. మీరు చేయగలిగింది ఒకటుంది: అసలు సందేశం ఉన్న ఫోనును అమ్మకండి, రీసెట్ చేయకండి, చాట్ చెరపకండి.

అపోహ: టెక్నాలజీని కంపెనీలు తెస్తాయి, ప్రభుత్వం అడ్డుపడుతుంది

ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ 1969లో అమెరికా రక్షణ శాఖ డబ్బుతో మొదలైంది. కాజీపేట ఆటో డ్రైవర్ చూసే మ్యాపుకు ఆధారమైన జీపీఎస్ కూడా ఆ శాఖదే. ఊళ్లకు ఫైబర్ కేబుల్ వేయాలంటే అన్నిటికంటే ఖర్చు తవ్వకానిది. మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ (రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం) గొట్టాలు కూడా వేయడం ఆ ఖర్చు తగ్గించేందుకే. మడికొండలో ఐటీ కంపెనీల కార్యాలయాలు వచ్చింది కూడా ప్రభుత్వం స్థలం, విధానం సిద్ధం చేశాకే. అలాగని ప్రభుత్వమే అంతా చేసిందనడం కూడా సరికాదు. చవక డేటాతో ఊరూరా ఫోన్లు నిండింది 2016 తర్వాత కంపెనీల పోటీ వల్ల. అయితే ఆ పోటీ కూడా నియమాల మధ్యనే నడుస్తుంది. ఒక్కో వెబ్‌సైటుకు ఒక్కో డేటా ధర పెట్టకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిషేధించింది. ఆండ్రాయిడ్ ఆధిపత్యంపై 2022 అక్టోబర్‌లో పోటీ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసింది. మీ ఫోనులో ఏ సెర్చ్ ఇంజిన్ కావాలో మీరే ఎంచుకునే వీలు దాని వల్లే వచ్చింది.

అపోహ: డేటా చట్టం వచ్చింది, మన వివరాలు లీకైతే మనకు పరిహారం వస్తుంది

2023 నాటి డేటా పరిరక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల వరకు ఉంది. కానీ అది ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది, నష్టపోయిన మనిషికి కాదు. 2025 నవంబర్‌లో నిబంధనలు ప్రకటిస్తూ కంపెనీల ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత వివరాలు ఇవ్వకుండా ఆపే 8(1)(జె) క్లాజును బిగించే సవరణ మాత్రం వెంటనే అమల్లోకి వచ్చింది. ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత వివరాలైనా ఇవ్వాలన్న మాట ఆ క్లాజులోంచి పోయింది. ఇప్పుడు, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చనే 8(2) మీద ఆధారపడి వాదించాలి. కంపెనీలకు సమయం ఇచ్చి, పౌరుడి ప్రశ్నకు ఇవ్వకపోవడం నాకు మింగుడుపడదు.

పరిహారానికి ఇంకా మిగిలి ఉన్న దారి 2000 నాటి ఐటీ చట్టం. 46వ సెక్షన్ కింద 5 కోట్ల వరకు నష్టపరిహారం విచారించే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శే. సివిల్ కోర్టుకు ఆ అధికారం లేదు. ఈ సంగతి నా తోటి వకీళ్లలోనే చాలామంది పట్టించుకోరు. 40 వేలు పోగొట్టుకున్న మహబూబాబాద్ మనిషి విచారణకు హైదరాబాద్ తిరగాలంటే ఆ హక్కు కాగితానికే పరిమితం. ఆ విచారణను నెలకు ఒక రోజైనా హనుమకొండలో పెట్టాలి, లేదా వీడియోలో హాజరయ్యే వీలు కల్పించాలి. బార్ అసోసియేషన్ తరఫున ఇది అడగాలని తోటి వకీళ్లను కోరుతున్నాను.