లావు చేస్తే విరిగిన స్ప్రింగు

తిరుమల నుంచి బండి మీద దిగుతున్నాను. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు అది. ఇప్పుడు కిందికి దిగడానికి వాడుతున్నాం. 36 హెయిర్‌పిన్ మలుపులున్న ఆ దారిలో బ్రేకుల మీదే భారం వేయకూడదని, ప్రతి మలుపుకీ ముందు గేరు తగ్గించి ఇంజిన్ పట్టుతో దిగడం అలవాటు. ఒక మలుపు దగ్గర రెండో గేరుకి నొక్కాను. గేరు పడింది. కాలు తీశాను. గేర్ రాడ్ మాత్రం పైకి రాలేదు. నొక్కిన చోటే, ప్రాణం పోయినట్టు వేలాడుతోంది.

గేర్ రాడ్‌ని బూటు కొనతో మెల్లగా ఎత్తి మధ్యకి తెచ్చుకుంటూ, అవసరమైన చోట మళ్లీ నొక్కుతూ అలిపిరి దాకా వచ్చాను. కరకంబాడి రోడ్డులో నాకు తెలిసిన మెకానిక్ క్లచ్ కవర్ విప్పి, ఆయిల్లోంచి చిటికెన వేలి గోరంత ఇనుప ముక్క తీసి చూపించాడు. గేర్ షాఫ్ట్ మీద ఉండే రిటర్న్ స్ప్రింగు కాలు అది, అంటే చుట్ల నుంచి బయటికి వచ్చే తీగ కొస.

"పాత బండన్నా ఇది, ఈ పార్టు యాడా దొరకదు. లేత్ షాపులో లావు కమ్మీతో చుట్టిస్తా. ఇంక జన్మలో ఇరగదు" అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. 2.5 మిల్లీమీటర్ల తీగ స్థానంలో 3 మిల్లీమీటర్ల తీగతో కొత్త స్ప్రింగు తయారైంది. పాతది పదేళ్లు పైగా పనిచేసింది. ఈ లావుది నాలుగు నెలల్లో విరిగింది, అదీ దాదాపు అదే చోట.

ఎందుకు విరిగిందో అర్థం చేసుకోవడానికి కూర్చున్నప్పుడు, ఇంత చిన్న వస్తువులో ఎంత లోతుందో తెలిసొచ్చింది.

ముందు ఈ స్ప్రింగు చేసే పని చూద్దాం. మనం గేర్ రాడ్‌ని నొక్కినప్పుడు గేర్ షాఫ్ట్ ఓ పదిహేను డిగ్రీలు తిరుగుతుంది. దాని చివరున్న కొక్కెం లోపలి డ్రమ్మును ఒక్క అడుగు తిప్పుతుంది. డ్రమ్ము తిరిగితే దాని గాడుల్లో నడిచే ఫోర్కులు గేర్లను జరుపుతాయి. కాలు తీయగానే షాఫ్టు మళ్లీ మధ్యకి రావాలి, వస్తేనే కొక్కెం తర్వాతి గేరుకి సిద్ధమవుతుంది. అలా మధ్యకి లాక్కొచ్చేదే ఈ స్ప్రింగు. మూడు చుట్లు, రెండు కాళ్లు. ఇంజిన్ గోడకి బిగించిన ఒక పిన్నును ఆ రెండు కాళ్లూ అటూ ఇటూ పట్టుకుని ఉంటాయి. గేరు పైకి వేసినా కిందికి వేసినా ఒక కాలు పిన్నుకి ఆని ఆగిపోతుంది, రెండోది జరుగుతుంది. అంటే ఏ వైపు గేరు మార్చినా ఈ ఒక్క స్ప్రింగుకే పని. ఊళ్లో రోజుకి 200 సార్లు గేరు మారుస్తామనుకున్నా పదేళ్లలో ఏడు లక్షల సార్లు దాటుతుంది.

స్ప్రింగు అనగానే మనకి బడిలో చదివిన హుక్ సూత్రం గుర్తొస్తుంది. రాబర్ట్ హుక్ దాన్ని 1676లో అక్షరాలు తారుమారు చేసిన పొడుపుకథలా అచ్చువేసి, 1678లో విప్పి చెప్పాడు: ఎంత సాగితే అంత బలం. మన స్ప్రింగు సాగదు, మెలితిరుగుతుంది. అయినా సూత్రం అదే, ఎంత కోణం తిప్పితే అంత ఎదురుబలం. చిత్రమేమిటంటే బయటి నుంచి మెలితిప్పుతున్నట్టు కనిపించినా లోపల తీగ మాత్రం వంగుతుంది. తూకం వేసే కాటా స్ప్రింగులో దీనికి తలకిందులు: లాగుతున్నట్టు కనిపిస్తుంది, లోపల తీగ మెలితిరుగుతుంది. గేర్ స్ప్రింగు గుట్టంతా ఆ వంపులోనే ఉంది.

కొబ్బరి ఈనెను తీసుకుని గుండ్రంగా వంచితే హాయిగా వంగుతుంది. బొటనవేలంత లావు కర్రను అదే గుండ్రానికి వంచబోతే పెళ్లున విరుగుతుంది. కర్ర ఈనె కంటే బలహీనమైనది కాదు. బరువు వేలాడదీస్తే కర్రే ఎక్కువ మోస్తుంది. కానీ వంచినప్పుడు వంపు బయటి వైపు పొర సాగుతుంది, లోపలి వైపు పొర నొక్కుకుపోతుంది, నడిమధ్య పొర సాగదు, కుంచించుకోదు. మధ్య నుంచి పై పొర ఎంత దూరంలో ఉంటే దానికి అంత సాగుడు. వంపు ఒకటే అయినప్పుడు లావు వస్తువు చర్మమే ఎక్కువ సాగాలి.

మా మెకానిక్, నేను పట్టించుకోనిది ఇదే. గేర్ బాక్సులో స్ప్రింగుకి ఇంత బరువు మోయమని ఎవరూ చెప్పరు. ఇన్ని డిగ్రీలు తిరగమని చెబుతారు. ఆ కోణాన్ని గేర్ బాక్సు నిర్ణయిస్తుంది, స్ప్రింగు లావుగా ఉందని అది తగ్గదు. మోయాల్సిన బరువు స్థిరంగా ఉంటే లావు తీగ ఎక్కువ కాలం బతుకుతుంది. తిరగాల్సిన కోణం స్థిరంగా ఉంటే లావు తీగే ముందు పోతుంది. ఈ తేడా ఒక్కటి తెలిసి ఉంటే ఆ రెండో స్ప్రింగు చుట్టించేవాణ్ని కాదు.

లెక్క వేసి చూశాను. పాత స్ప్రింగు: తీగ 2.5 మి.మీ., చుట్టు లోపలి వ్యాసం 15 మి.మీ., మూడు చుట్లు. బండిలో బిగించినప్పుడే కాళ్లు పిన్నును గట్టిగా పట్టుకునేలా అది 25 డిగ్రీలు తిరిగి ఉంటుంది. గేరు వేసినప్పుడు మరో 15, మొత్తం 40. ఆ చివరి క్షణంలో తీగ పై పొర మీద ప్రతిబలం (ఒక్కో చదరపు మిల్లీమీటరు మోసే బలం), చుట్టు వంపు వల్ల లోపలి అంచున పెరిగేది కూడా కలుపుకుంటే, చదరపు మిల్లీమీటరుకి సుమారు 124 కిలోలు. అగ్గిపుల్ల కొసలో నాలుగో వంతు చోటు మీద ఇద్దరు మనుషుల బరువు వేలాడుతున్నట్టు. ఈ రకం మంచి స్ప్రింగు తీగ తెగిపోయే హద్దు దాదాపు 197 కిలోలు. అంటే హద్దులో 63 శాతం దగ్గర పనిచేస్తోంది.

లావు స్ప్రింగు: తీగ 3 మి.మీ., చుట్లు మూడే, కోణం అదే. బిరుసుదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి ఆ అర మిల్లీమీటరుకే అది రెండింతలైంది. నా కాలికి ఆ తేడా మొదటి రోజే తెలిసింది. గేరు వేయడానికి రెట్టింపు బలం కావాల్సి వచ్చింది. పై పొర మీద ప్రతిబలం 148 కిలోలకి ఎక్కింది. పైగా తీగను ఎంత సన్నగా లాగితే అంత గట్టిపడుతుంది, లావు తీగ హద్దు కొంచెం తక్కువ, 192 దగ్గర. ఇప్పుడది హద్దులో 77 శాతం దగ్గర పనిచేస్తోంది.

77 శాతమైనా హద్దు లోపలే కదా, ఎందుకు విరగాలి అనిపించవచ్చు. ఒక్కసారి వంచితే విరగదు. లక్షల సార్లు వంచి వదులుతుంటే ఎక్కడో ఒక గీత దగ్గర కంటికి కనిపించని పగులు మొదలై, ప్రతి వంపుకీ కాస్త కాస్త లోపలికి పాకుతుంది. దీన్నే లోహ అలసట అంటారు. 19వ శతాబ్దంలో జర్మనీలో రైలు ఇరుసులు ఇలా విరుగుతుంటే ఆగస్ట్ వోలర్ అనే ఇంజినీరు ఏళ్ల తరబడి వాటిని పరీక్షించాడు. లోహం మీద పడే అత్యధిక భారం ఎంత అన్నదాని కన్నా, అది ఎంతనుంచి ఎంతకి ఊగుతోంది అన్నది ముఖ్యమని ఆయన తేల్చాడు. ఆ ఊగుడు కాస్త తగ్గించగలిగితే ఆయువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. స్ప్రింగు మీద పనిచేసేవాళ్లకి ఇంతకంటే విలువైన మాట ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

మరి బలమైన స్ప్రింగు ఎలా చేయాలి? మొదట నాకు తట్టింది మంచి ఉక్కు వాడటం. ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. మామూలు ఇనుప కమ్మీ అయినా, ఖరీదైన క్రోమ్ సిలికాన్ తీగ అయినా, ఒకే కొలతల్లో చుడితే రెండు స్ప్రింగులూ దాదాపు ఒకే బలంతో ఎదురు తిరుగుతాయి. ఉక్కు సాగే గుణం, యంగ్ గుణకం అంటామే, అది అన్ని ఉక్కుల్లోనూ ఇంచుమించు ఒకటే. మంచి ఉక్కు స్ప్రింగును బిరుసుగా చేయదు, ఎక్కువ ప్రతిబలాన్ని తట్టుకోనిస్తుంది, అంతే. అది మేలే, కానీ రోగానికి మందు అది కాదు.

అసలు మందు చుట్లలో ఉంది. తిరగాల్సిన కోణాన్ని తీగ పొడవంతా పంచుకుంటుంది. మూడు చుట్లు పంచుకునే వంపును నాలుగు చుట్లు పంచుకుంటే ఒక్కో చోట నాలుగో వంతు తగ్గుతుంది. తీగ అదే 2.5 మి.మీ., చుట్లు నాలుగు. చిక్కల్లా ఏమిటంటే స్ప్రింగు మెత్తబడుతుంది, రాడ్ మధ్యకి రావడంలో బద్ధకిస్తుంది. దానికి విరుగుడుగా బిగించేటప్పుడే కాస్త ఎక్కువ తిప్పి ఉంచాలి, 25 డిగ్రీల బదులు 33. అప్పుడు కాలు తీసి ఉన్నప్పటి పట్టు పాత స్ప్రింగుకి సమానం. గేరు వేసినప్పుడు కోణం 48 డిగ్రీలు అవుతుంది, అయినా ప్రతిబలం 112 కిలోలే. ఊగుడు సంగతి ఇంకా బాగుంది: పాతదానిలో ప్రతి గేరుకీ 47 కిలోలు ఊగేది, ఇందులో 35.

కాగితం మీద తేలిపోయింది కదా అని సంబరపడటానికి లేదు, చోటు కావాలి. మూడు చుట్ల స్ప్రింగు షాఫ్టు మీద 10 మి.మీ. ఆక్రమిస్తుంది, నాలుగు చుట్లది 12.5. గేరు వేసినప్పుడు చుట్టు ఇంకాస్త బిగుసుకుని మరో 0.3 మి.మీ. పొడవవుతుంది. మెకానిక్ అన్న ఓపిగ్గా కవర్ లోపల మైనం ముద్ద పెట్టి, బిగించి, విప్పి కొలిచాడు. 13.5 ఉంది. సరిపోయింది. లోపలి వ్యాసం కూడా చూడాలి. మా స్ప్రింగు గేరు వేసినప్పుడు మూసుకునే వైపు తిరుగుతుంది కనుక చుట్టు సన్నబడుతుంది, 15 మి.మీ. కాస్తా 14.4కి వస్తుంది. షాఫ్టు 14. ఆ సందు లేకపోతే చుట్టు షాఫ్టుని కరిచిపట్టుకుంటుంది, మిగిలిన వంపంతా కాలి మొదట్లోనే పడుతుంది. నిజానికి మూసుకునే వైపు తిరగడమే స్ప్రింగుకి మంచిది, తీగను చుట్టినప్పుడు లోపల మిగిలిపోయిన ప్రతిబలాలు అప్పుడు మనకి సాయం చేస్తాయి. విచ్చుకునే వైపు తిరిగితే అవే ఎదురు తిరుగుతాయి.

ఇక కాలి దగ్గరి మెలిక. విరిగిన రెండు స్ప్రింగులూ అక్కడే విరిగాయి. లావు స్ప్రింగుని భూతద్దం కింద పెట్టి చూస్తే, వంపు లోపల పట్టకారు కొరికిన గీత స్పష్టంగా ఉంది. పగులు అక్కడే మొదలైంది. లేత్ షాపులో ఇంకో పొరపాటు కూడా జరిగింది: లావు తీగ చల్లగా వంగట్లేదని గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచారు. ఈ రకం తీగకి బలం వచ్చేది చల్లగా ఉన్నప్పుడే సన్నటి రంధ్రాల గుండా లాగడం వల్ల. ఎర్రగా కాలిస్తే ఆ బలమంతా పోయి, ఆ ఒక్క చోట మామూలు మెత్తటి కమ్మీ అవుతుంది. వేడి అసలు వద్దని కాదు. చుట్టడం పూర్తయ్యాక ఓవెన్లో 230 నుంచి 260 డిగ్రీల మధ్య ఓ అరగంట ఉంచాలి, చుట్టేటప్పుడు మిగిలిన అనవసర ప్రతిబలాలు సడలుతాయి. ఎర్రటి మంటకీ దీనికీ పోలికే లేదు.

అందుకే ఈసారి చెన్నైలో స్ప్రింగులు చుట్టే ఒక వర్క్‌షాపుకి బొమ్మ గీసి పంపాను. కాలి వంపు వ్యాసార్ధం తీగ మందం కంటే తక్కువ ఉండకూడదని, పనిముట్ల గీతలు పడకూడదని రాశాను. జింక్ పూత వేయమంటారా అని అడిగారు, తళతళలాడుతుంది కదా అని. వద్దన్నాను. ఇంత గట్టి ఉక్కుకి పూత వేసేటప్పుడు యాసిడ్ తొట్టిలోంచి హైడ్రోజన్ లోపలికి చేరుతుంది, వెంటనే గంటల తరబడి కాల్చి దాన్ని వెళ్లగొట్టకపోతే స్ప్రింగు పెళుసుబారుతుంది. అయినా రోజూ ఇంజిన్ ఆయిల్లో మునిగి ఉండే స్ప్రింగుకి తుప్పు భయం ఎక్కడిది?

లావు స్ప్రింగు ఇంకో నష్టం కూడా చేసింది. విప్పి చూస్తే కాళ్లు పట్టుకునే పిన్ను కొంచెం వదులైంది. రెట్టింపు బలంతో వచ్చి తగిలే దెబ్బలు దాని మరలకి చేరాయి. అవి అల్యూమినియం కేసింగులో కోసిన మరలు. స్ప్రింగు పోతే వంద, రెండు వందల రూపాయలు. ఆ మరలు పోతే ఇంజిన్ మొత్తం దించాలి.

కొత్త స్ప్రింగు బిగించాక మొదటి గేరు వేసి చూశాను. రాడ్ టక్కున మధ్యకి వచ్చింది, పాత బండి కొత్తగా ఉన్నప్పటిలాగే. మెకానిక్ అన్న తనూ నాలుగైదు సార్లు వేసి చూసి, కవర్ బిగించే ముందు నా కాగితం అడిగి తీసుకున్నాడు. ఇదే బండి మరో ఇద్దరి దగ్గర ఉందట, వాళ్లకీ నాలుగు చుట్లదే చెప్పిస్తానన్నాడు.