సైరన్ మోగాక ముప్పై సెకన్లు: అష్కెలోన్‌లో ఇరుగుపొరుగు వృద్ధులకు సాయంపై అపోహలు, వాస్తవాలు

ఇజ్రాయెల్‌లో గాజాకు దగ్గర్లో ఉన్న అష్కెలోన్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో ఉంటూ ఆమెను చూసుకోవడం నా ఉద్యోగం. జీతం ఆ పనికే. కానీ అదే అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా బతికే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. గాజా నుంచి రాకెట్లు వచ్చే రోజుల్లో వాళ్ల బాగోగులు కనుక్కోవడం జీతంతో నిమిత్తం లేకుండా మీద పడే పని. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా పనిచేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కొత్తగా వచ్చేవాళ్లు, ఊళ్లో టీవీ ముందు కూర్చుని కంగారుపడే వాళ్ల ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలు వింటుంటే ఇదంతా ఒకచోట రాయాలనిపించింది.

అపోహ: సైరన్ మోగగానే వలంటీర్లు ఇంటింటికీ పరుగెత్తి వృద్ధులను మోసుకెళ్తారు.

టీవీ వాళ్లు చూపించే దృశ్యం ఇదే కాబట్టి అలా అనుకోవడంలో తప్పులేదు. కానీ లెక్క చూడండి. గాజా కంచెకు కూతవేటు దూరంలో ఉన్న స్దెరోత్‌కు హెచ్చరిక తర్వాత దొరికేది 15 సెకన్లు. మా అష్కెలోన్‌కు 30, ఇంకాస్త ఉత్తరాన ఉన్న అష్దోద్‌కు 45. వాకర్ పట్టుకుని సోఫాలోంచి లేవడానికే ఎనభై ఏళ్ల మనిషికి ఇందులో సగం పోతుంది. ఆ వ్యవధిలో నేను రెండంతస్తులు దిగి, తలుపు తట్టి, ఆమె గొళ్లెం తీసేదాకా ఆగి, ఆమెను నడిపించాలంటే జరిగే పని కాదు. మెట్ల మీద ఇద్దరం చిక్కుకుపోతాం. అందుకే సైరన్ మోగుతుండగా ఎవరూ గుమ్మం దాటకూడదన్నది మా మొదటి నియమం. చేయవలసిందంతా అంతకుముందే చేసి ఉండాలి, మిగిలింది తర్వాత.

అంతకుముందు అంటే ఏమిటో చెబుతాను. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత, కొత్తగా కట్టే ప్రతి ఇంట్లో కాంక్రీటు గోడలు, బరువైన తలుపు, కిటికీకి ఇనుప రెక్క ఉన్న గది ఒకటి ఉండాలని ఇక్కడ నిబంధన వచ్చింది. దాన్ని మమాద్ అంటారు. పాత భవనాలకు అది లేదు. కొన్నిటికి కిందనో పెరట్లోనో అందరికీ కలిపి ఒక మిక్లాత్, అంటే షెల్టర్ ఉంటుంది. కొన్నిటికి అదీ లేదు. నెగెవ్ ఎడారిలో ప్రభుత్వ గుర్తింపు లేని బెదువిన్ (ఎడారి అరబ్బు తెగల) పల్లెల్లో పరిస్థితి ఇంకా అధ్వానం. కంచె అవతల గాజాలోనైతే సైరన్లూ లేవు, ఇలాంటి గదులూ లేవు. అక్కడి ముసలివాళ్ల ఊసెత్తకుండా మా గదుల గురించి మాత్రమే రాయడం నాకు సమ్మతం కాదు.

మమాద్ ఉన్న ఇంట్లోనూ అది సిద్ధంగా ఉంటుందని అనుకోవద్దు. నాకు తెలిసిన చాలా ఇళ్లలో అది సామాన్ల గది. తలుపు తీస్తే పాత సూట్‌కేసులు, ఇస్త్రీ బల్ల, మనవడి సైకిలు, పైన పరుపులు. ఇనుప రెక్క తుప్పుపట్టి సగంలో ఆగిపోతుంది. కాబట్టి ఇక్కడ సాయం చేస్తానని వచ్చినవాడి చేతికి ముందు దొరికేది చీపురు, నూనె డబ్బా. సామాను బయటపెట్టి, రెక్క పట్టాలకు నూనె వేసి, ఆ ముసలాయన మంచాన్ని లోపలికి చేర్చేస్తే ముప్పై సెకన్ల బెంగే ఉండదు; ఆయన అందులోనే పడుకుంటాడు, తలుపు మూసే మనిషి ఉంటే చాలు. పక్కన కమోడ్ కుర్చీ, నీళ్ల సీసాలు, టార్చిలైటు, మందుల పెట్టె. మమాద్ లేకపోతే కిటికీలకు దూరంగా ఉన్న లోపలి గదినో మెట్ల దారినో ఎంచుకోవాలి. మూడంతస్తులు దాటిన భవనంలో మెట్ల దారి ఎంచుకుంటే మన పైన కనీసం రెండంతస్తులు ఉండేలా చూసుకోవాలి. మంచం దిగలేనివాళ్ల మంచాన్నే కిటికీ పక్క నుంచి లోపలి గోడ వారకు జరుపుతాం.

అపోహ: ప్రమాదమంతా రాకెట్‌తోనే.

దాడి తర్వాత గాయపడినవారి వివరాల్లో షెల్టర్‌కు పరుగెత్తుతూ పడిపోయినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ముసలి ఎముకకు తుంటి విరిగిందంటే ఆ మనిషి మళ్లీ మునుపటిలా నడవడం కష్టం. అందుకే గది నుంచి మమాద్ దాకా ఉన్న దారిలో తివాచీలు చుట్టి పక్కన పెట్టేస్తాం, రాత్రంతా చిన్న దీపం వెలుగుతూ ఉంటుంది, వెనక తెరుచుకుని ఉండే చెప్పులకు బదులు మడమ పట్టి ఉండేవి కొనిపిస్తాం.

అన్నిటికంటే భయపెట్టేది స్నానం. ఒంటిమీద బట్టలు లేవు, నేల తడి, సబ్బు నురగ, వినికిడి యంత్రం తీసి పక్కన పెట్టి ఉంది. సరిగ్గా అప్పుడే సైరన్ మోగితే ఏం చేస్తారు? తడికాళ్ల మనిషిని పరుగెత్తించడం కంటే స్నానాల కుర్చీలోనే కూర్చోబెట్టి, కిటికీ లేని వైపు గోడకు చేర్చి, తల మీద మందపాటి తువ్వాలు కప్పి, నేనూ పక్కనే వంగి కూర్చోవడం మేలు. దాడులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో అసలు స్నానమే వద్దంటాను. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డతో మంచం మీదే ఒళ్లు తుడిస్తే సరిపోతుంది. నాలుగు రోజులు స్నానం లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. పిల్లలు ఫోనులో నొచ్చుకుంటే ఈ మాటే చెప్పండి.

అపోహ: ఐరన్ డోమ్ ఉంది కదా, దాక్కోవడం దేనికి?

వచ్చే రాకెట్లను గాల్లోనే కూల్చే రక్షణ వ్యవస్థ ఈ ఐరన్ డోమ్. అది మొదటిసారి రాకెట్‌ను కూల్చింది 2011 ఏప్రిల్ 7న, మా అష్కెలోన్ దగ్గరే. అది ఎన్నో ప్రాణాలు కాపాడింది, కాదనను. అయితే దాన్ని తప్పించుకుని పడేవి ఉంటాయి. కూల్చినవాటి ముక్కలూ ఎక్కడో ఒకచోట పడవలసిందే. లోపలికి వెళ్లాక పది నిమిషాలు ఆగమని హోమ్ ఫ్రంట్ కమాండ్ (పౌరుల రక్షణ చూసే సైనిక విభాగం) చెప్పేది అందుకే. చప్పుడు విని ‘అయిపోయింది’ అని బాల్కనీలోకి వెళ్లి ఫోనులో వీడియో తీసే కుర్రాళ్లకు ఎంత చెప్పినా తక్కువే.

అపోహ: షెల్టర్‌కు రానని భీష్మించే ముసలివాళ్లది మొండితనం.

‘అన్నా, మా సవ్తా కదలనంటోంది, ఎత్తుకుని తీసుకెళ్లిపోనా?’ అని కొత్తగా వచ్చిన కుర్రాడు ఫోను చేస్తాడు. (సవ్తా అంటే ఇక్కడ నానమ్మ, అమ్మమ్మ. మేమూ అలాగే పిలుస్తాం.) వద్దు బాబూ, ముందు కారణం కనుక్కో అంటాను. అడగగా అడగగా బయటపడే కారణాలు చాలా మామూలువి. మిక్లాత్‌లో మరుగుదొడ్డి లేదు. ఉన్నా అందరి ముందూ వెళ్లాలి. డైపరు కనిపిస్తుందని సిగ్గు. రాత్రి బట్టల్లో, కట్టుడు పళ్లు లేకుండా ఇరుగుపొరుగు కంటపడటం ఇష్టం లేదు. దిగడానికి పద్నాలుగు మెట్లున్నాయి, మళ్లీ ఎక్కించేదెవరు? పిల్లిని వదిలి రానంటారు కొందరు. ఇక రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీల బారినపడి చిన్నతనంలోనే అన్నీ పోగొట్టుకున్నవాళ్లు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. ఇనుప తలుపు మూసుకున్న గదిలో జనం మధ్య కూర్చోమంటే వాళ్లకు ఏ రోజులు గుర్తొస్తాయో మనకెలా తెలుస్తుంది? తలుపు దగ్గరి కుర్చీ వాళ్లకే కేటాయిస్తే, గడియ తిప్పే పని వాళ్ల చేతికే ఇస్తే వచ్చినవాళ్లున్నారు.

అపోహ: భయపడినవాళ్లను దగ్గరకు తీసుకుని ‘ఏమీ కాదులే’ అంటే చాలు.

మన ఇళ్లలో అందరం చేసేది ఇదే, కాబట్టి మానుకోవడం కష్టం. కానీ ఏమీ కాదని మనం హామీ ఇవ్వలేం. మరో నిమిషంలో ఇంకో పేలుడు వినిపిస్తే మన మాట మీద నమ్మకం పోతుంది. ఇక్కడి వలంటీర్లు నేర్చుకునేది తెల్-హై కాలేజీ ఆచార్యుడు మోషే ఫార్హీ రూపొందించిన పద్ధతి. భయంతో బిగుసుకుపోయిన మనిషికి ఊరడింపు కంటే పని అవసరమన్నది అందులో కీలకం. ముందు ‘నేను మీ పక్కనే ఉన్నాను’ అని చెప్పాలి. తర్వాత చిన్న చిన్న ప్రశ్నలు: గదిలో ఎంతమందిమి ఉన్నాం? తలుపు మూశామా? టైమెంతయింది? ఆ తర్వాత ఎంచుకునే వీలు: నీళ్లు తాగుతారా, జ్యూసా? ఆపైన ఒక బాధ్యత: పది నిమిషాలు కాగానే మీరే చెప్పాలి, గడియారం చూస్తూ ఉండండి. చివరగా జరిగింది వరసలో చెప్పాలి. సైరన్ మోగింది, లోపలికి వచ్చాం, రెండు చప్పుళ్లు వినిపించాయి, ఇప్పుడు ఆగిపోయింది. చేతులు వణుకుతున్న మనిషి గడియారం చూసి ‘ఇంకా మూడు నిమిషాలుంది, కూర్చో’ అని నన్ను గదమాయించిన సందర్భాలున్నాయి. అలా గదమాయిస్తే నాకు సంతోషం.

అపోహ: సాయం అంటే భోజనం పొట్లాలు.

దాడులు మొదలైన వారంలో భోజనాలు తెచ్చేవాళ్లకు కొదవ ఉండదు. ఒక్కోసారి ఒకే ఇంటికి మూడు పెట్టెలు వస్తాయి. కొరత మరోచోట. బీపీ మాత్రలు అయిపోయి ఉంటాయి, వైద్య బీమా సంస్థ క్లినిక్ మూసి ఉంటుంది. వినికిడి యంత్రం బ్యాటరీ దొరకదు. చెవులు సరిగా వినిపించనివారి ఫోనులో హెచ్చరిక యాప్ పెట్టి, అది వణికేలా మార్చాలి. శబ్బాత్ (యూదుల వారాంతపు విశ్రాంతి దినం) పాటించేవాళ్లు శుక్రవారం సాయంత్రం నుంచి ఫోను ముట్టుకోరు. వాళ్లకు, సైరన్లు తప్ప మరేమీ వినిపించని రేడియో ప్రసారం ఒకటి ఉంటుంది, దాన్ని శుక్రవారం చీకటి పడకముందే పెట్టి వదిలేయాలి. అంబులెన్సుకు 101, హోమ్ ఫ్రంట్ కమాండ్‌కు 104, పురపాలక సంఘానికి 106. ఇవి పెద్ద అక్షరాల్లో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.

అపోహ: పరాయి దేశం వాళ్లం, భాష రాదు, మనకెందుకు?

నాలుగు హీబ్రూ మాటలతో మెట్ల వరుస మొత్తాన్ని పలకరించవచ్చు. మా చుట్టుపక్కల రష్యన్ తప్ప వేరే భాష సరిగా రానివాళ్లు ఉన్నారు. మహారాష్ట్ర నుంచి దశాబ్దాల కిందట వచ్చిన బెనె ఇజ్రాయెల్ అనే యూదు కుటుంబాల పెద్దలు అష్దోద్, బేర్‌షెబా వైపు ఉన్నారు, వాళ్లతో హిందీలో మాట్లాడవచ్చు.

అయితే ఒక్కటి. 2021 మే నెలలో ఇదే ఊళ్లో, పని చేస్తున్న ఇంటి మీద రాకెట్ పడి కేరళ కేర్‌గివర్ ఒకామె చనిపోయింది. సాయం చేసే మనిషి ప్రాణానికి కూడా అదే విలువ. ఈ పనికి రావాలనుకునేవాళ్లు జీతం, సెలవుల కంటే ముందు ఏజెన్సీని అడగవలసిన ప్రశ్నలు రెండు: ఆ ఇంట్లో మమాద్ ఉందా? లేకపోతే షెల్టర్‌కు ఆ పెద్దమనిషితో కలిసి నడిచి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది? ‘దగ్గరే’ అన్న జవాబుతో సరిపెట్టుకోవద్దు. సెకన్లలో చెప్పమనండి.