సుబ్బారావు పేరు ఏ పేపర్లో ఉంది, ఏ పేపర్లో లేదు

ఇప్పుడు యూనివర్సిటీలో ప్రమోషన్ ఫైలు కదలాలంటే పేపర్లెన్ని, సైటేషన్లెన్ని (వేరే పేపర్లు వాటిని ఎన్నిసార్లు ఉదహరించాయి), హెచ్-ఇండెక్స్ (పేపర్లనూ సైటేషన్లనూ కలిపి లెక్కగట్టే అంకె) ఎంత అని అడుగుతారు. 2010లో యూజీసీ బోధనకూ పరిశోధనకూ మార్కులు వేసే ఏపీఐ స్కోరు తెచ్చాక ఈ టెన్షన్ కాలేజీ లెక్చరర్ల దాకా వచ్చింది. నిజానికి ఈ కొలతలు పాతవేం కావు. హెచ్-ఇండెక్స్ 2005లో పుట్టింది. దానికి ఆధారమైన, ఏ పేపర్‌ను ఎవరు ఉదహరించారో చూపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను యూజీన్ గార్ఫీల్డ్ తెచ్చింది 1964లో. అప్పటికి భీమవరంలో పుట్టిన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు కన్నుమూసి పదహారేళ్లు. అయినా ఈ లెక్కలకు ఏది అందుతుందో, ఏది అందదో చూపించడానికి ఆయన పేపర్లను మించిన ఉదాహరణ నాకు కనిపించదు.

మొదటిది 1925 నాటిది. జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీలో హార్వర్డ్ బయోకెమిస్ట్ సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి రాశారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి అది. ప్రోటీన్లు తీసేసిన ద్రవంలో ఆమ్లం, మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం చేర్చి కొన్ని నిమిషాలు ఆగితే పరీక్షనాళిక నీలంగా మారుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు ఆ నీలం గుర్తుండే ఉంటుంది. వేల పేపర్లు ఈ పద్ధతిని ఉదహరించాయి. సైటేషన్ల లెక్కలో సుబ్బారావును నిలబెట్టింది ముఖ్యంగా ఇదే.

కానీ అసలు కథ ఆ నీలం తర్వాతే మొదలైంది. కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు ఒక్కసారిగా రాలేదు, మెల్లగా చిక్కబడుతూ పోయింది. పద్ధతిలో లోపమని వదిలేయవచ్చు. వాళ్లు వదల్లేదు. ఆమ్లంలో నెమ్మదిగా విరిగి ఫాస్ఫేట్‌ను వదులుతున్న పదార్థమేదో అందులో ఉందని పసిగట్టారు. అది ఫాస్ఫోక్రియాటిన్, కండరం శక్తిని దాచుకునే పదార్థం. 1927లో ప్రకటించారు. 1929లో కణాలకు శక్తినందించే ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్నే కనుక్కున్నాడు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది లోమన్ పేరే.

సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్ల (ఏటీపీ లాంటి పదార్థాల) సంగతి ఫిస్కే బయటికి రానివ్వలేదని, తర్వాత వేరేవాళ్లు వాటిని మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని అప్పట్లో హార్వర్డ్‌లో చదివిన జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పాడు. ఆయన 1988లో నోబెల్ అందుకున్నవాడు. అచ్చుకాని పేపర్‌కు సైటేషన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మాట చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌కు, లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ పరిశోధనకు దారి చూపేది ఆయన, పేపర్ల మీద మాత్రం పెద్ద బృందం. 1945లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారీని ప్రకటించిన పేపర్లో ఆయన పేరు చాలా పేర్ల మధ్య ఒకటి. ఫోలిక్ యాసిడ్ లోపంతో ముడిపడిన స్ప్రూ అనే పేగుల జబ్బుతోనే ఆయన అన్నదమ్ములు ఇద్దరు పోయారు. బోదకాలుకు వాడే డీఈసీ కూడా ఆ ల్యాబ్ నుంచే వచ్చింది. మన ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు గుమ్మం దగ్గర నిలబడి మింగించే మాత్ర అదే. ఆ మింగడం ఏ ఇండెక్స్‌లోనూ నమోదు కాదు.

ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా ఆయన బృందమే తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. పదహారు మందిలో పది మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ పేపర్ 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రచయితలు ఐదుగురు. వాళ్లలో సుబ్బారావు లేరు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు.