వేప కషాయం, మిత్ర శిలీంధ్రం: ఒకే ట్యాంకులో ఇముడుతాయా?

రెండూ సహజమైనవే కదా, కలిపి కొడితే తప్పేముంది? వేప గింజల కషాయంలో బవేరియా (పురుగులను చంపే శిలీంధ్రం) పొడి కలిపేవాళ్ల ధీమా ఇదే. కానీ ఈ రెండూ వేర్వేరు దారుల్లో వచ్చాయి.

పట్టుపురుగు ఒళ్లంతా సున్నం పూసినట్టు తెల్లబడి బిగుసుకుపోయే రోగానికి శిలీంధ్రమే కారణమని 1835లో ఇటలీలో అగొస్తీనో బస్సీ చూపించాడు. బవేరియా బాసియానాలో ‘బాసియానా’ అన్న మాట ఆయన పేరు మీదే వచ్చింది. 1879లో రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్ గోధుమను తినే పెంకుపురుగుల మీద మెటారైజియం అనే మరో శిలీంధ్రాన్ని పరీక్షించాడు. ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం పంటకు తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాల మీద బతుకుతుందని 1932లో వీండ్లింగ్ అనే శాస్త్రవేత్త రాశాడు. వేప మీద పాశ్చాత్య శాస్త్రవేత్తల దృష్టి పడింది తర్వాతే. 1959లో సూడాన్‌లో మిడతల దండు వేపచెట్లను మాత్రం ముట్టకపోవడం జర్మన్ కీటక శాస్త్రవేత్త ష్ముటరర్ కంటపడింది. వేపలో పురుగుల మీద పనిచేసే ముఖ్య పదార్థమైన అజాడిరక్టిన్‌ను వేరుచేసింది 1968లో.

మొక్కలు ఘాటైన పదార్థాలు తయారుచేసుకునేది పురుగుల కోసమే కాదు, బూజును ఆపడానికి కూడా. వెల్లుల్లి నలిపితే పుట్టే అల్లిసిన్ శిలీంధ్రపు ఎంజైములను పనిచేయనివ్వదు. లవంగనూనెలోని యూజినాల్ కణపొరను చెడగొడుతుంది. ఆ ఎంజైములు, ఆ కణపొర ట్రైకోడెర్మాకూ ఉన్నాయి.

ఎంత నష్టమో తేల్చడానికి ల్యాబ్‌లో కషాయం కలిపిన, శిలీంధ్రాలను పెంచే జెల్లీ లాంటి అగార్‌ను గుండ్రటి పళ్లెం లాంటి పెట్రీ డిష్‌లో పోసి, మధ్యలో శిలీంధ్రపు ముక్క పెట్టి, ఎంత పాకిందో స్కేలుతో కొలుస్తారు. ఇక్కడే పొరపడతాం. మామూలుగా ట్రైకోడెర్మా కొద్ది రోజుల్లోనే డిష్ నిండా పాకి ఆకుపచ్చగా మారుతుంది. ఆ పచ్చదనమే బీజాంశాలు, అంటే శిలీంధ్రానికి విత్తనాల లాంటివి. కషాయం ఉన్న డిష్‌లో ఒక్కోసారి అంతే వెడల్పు పాకినా తెల్లగానే ఉండిపోతుంది, అంటే బీజాంశాలు పుట్టలేదన్నమాట. స్కేలు మాత్రం ఢోకా లేదంటుంది! బవేరియాకైతే బీజాంశం మొలవడం అన్నిటికన్నా ముఖ్యం. మొలిస్తేనే కదా పురుగు చర్మాన్ని తొలిచి లోపలికి పోయేది. అందుకే మొలక శాతం చూపని పరీక్షను నేను నమ్మను. నీటితో తీసిన కషాయం కన్నా వేపనూనె, దాన్ని నీళ్లలో కలిపే ఎమల్సిఫయర్ ఎక్కువ హాని చేసిన సందర్భాలున్నాయి.

అలాగని డిష్‌లో కనిపించిందంతా పొలంలో జరగదు. డిష్‌లో శిలీంధ్రం రోజుల తరబడి కషాయంలోనే ఉంటుంది, ఆకు మీద అజాడిరక్టిన్‌ను ఎండ త్వరగా విరిచేస్తుంది. పైగా పురుగు కుబుసం విడిస్తే దానికి అంటిన బీజాంశాలూ రాలిపోతాయి. అజాడిరక్టిన్ ఆ కుబుసాన్ని ఆలస్యం చేస్తే శిలీంధ్రానికి లోపలికి పోయే వ్యవధి దొరుకుతుంది. కాబట్టి రెండూ వాడదగ్గవే, కాకపోతే ఒకే ట్యాంకులో గంటలకొద్దీ నానబెట్టకుండా, కొన్ని రోజుల తేడాతో విడివిడిగా కొట్టడం మేలు.