సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు: అపోహలు – వాస్తవాలు

సూర్యుడి మీద విస్ఫోటం జరిగిందని వార్త రాగానే అందరూ అడిగేది "జ్వాల ఎంత పెద్దది?" అని. సూర్యుడి నుంచి వచ్చే ప్రోటాన్లు, ఎలక్ట్రాన్ల వంటి కణాల డేటా చూసే మేము మాత్రం వేరే సంగతులు వెతుకుతాం. జ్వాలతో (ఒక్కసారిగా ఎగసే వెలుగుతో) పాటు ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వేడి వాయువు) మేఘం, అంటే సీఎంఈ (కరోనల్ మాస్ ఎజెక్షన్), బయల్దేరిందా? ఎంత వేగంతో? సూర్యుడి ఏ వైపు నుంచి? ఈ తేడా ఎందుకో తెలియకపోవడం వల్లే చాలా అపోహలు పుడుతున్నాయి.

అపోహ: సూర్యుడి వేడి వల్లే కణాలకు అంత వేగం వస్తుంది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. సూర్యుడి బయటి వాతావరణమైన కరోనా ఉష్ణోగ్రత పది లక్షల డిగ్రీలకు పైమాటే. అంత వేడిలోనూ ఒక్కో కణానికి ఉండే శక్తి వంద ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) స్థాయిలోనే ఉంటుంది. తీవ్రమైన జ్వాలలో ఉష్ణోగ్రత రెండు కోట్ల డిగ్రీలకు చేరినా అది కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టులు దాటదు. భూమికి చేరే ప్రోటాన్లలో కొన్నిటికేమో వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన శక్తి ఉంటుంది! ఇంత శక్తి వేడి నుంచి రాదు. మెలికలు పడి బిగుసుకున్న అయస్కాంత క్షేత్రం తెగి మళ్లీ అతుక్కున్నప్పుడు విడుదలయ్యే శక్తి ఇది.

అపోహ: జ్వాల ఎంత పెద్దదైతే కణాల తుఫాను అంత పెద్దది.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2014 అక్టోబరులో సూర్యుడి మీద ఏఆర్ 12192 అనే భారీ మచ్చల గుంపు ఆరు ఎక్స్-తరగతి (అత్యంత తీవ్రమైన తరగతి) జ్వాలలను వెలిగించింది. అక్టోబరు 24 నాటిది ఎక్స్3.1. అయినా దాని నుంచి సీఎంఈ రాలేదు, కణాల తుఫానూ రాలేదు. పైనున్న బలమైన అయస్కాంత క్షేత్రం ప్లాస్మాను బయటికి పోనివ్వలేదు.

కణాలకు వేగం రావడానికి రెండు దారులున్నాయి. మొదటిది జ్వాల దగ్గరే, క్షేత్రం తెగి అతుక్కునే చోట. అక్కడి నుంచి వచ్చే విడతలు కొన్ని గంటల్లోనే ముగుస్తాయి. వాటిలో ఎలక్ట్రాన్లు ఎక్కువ. హీలియం-3 (హీలియంలో అరుదైన, తేలికైన రకం) మామూలు కంటే వేల రెట్లు కనిపించవచ్చు. రెండోది వేగంగా దూసుకెళ్లే సీఎంఈ ముందు పుట్టే షాక్ వేవ్ (అఘాత తరంగం). రోజుల తరబడి సాగే పెద్ద ప్రోటాన్ తుఫానులకు ముఖ్య కారణం ఇదే. ఎదురొచ్చే బ్యాట్‌కు తగిలిన బంతిలా, షాక్‌ను దాటిన ప్రతిసారీ కణం కొంచెం శక్తి పుంజుకుంటుంది. చుట్టూ ఉన్న అయస్కాంత అలలు దాన్ని తిరిగి షాక్ వైపే నెడతాయి. నాకు ఎప్పటికీ అబ్బురంగా అనిపించే విషయం ఒకటుంది: ముందుకు ఉరికే ప్రోటాన్లే ఆ అలలను ఇంకా పెంచుతాయి. దాంతో వెనక వచ్చే కణాలు షాక్ దగ్గర మరింత సేపు చిక్కుకుని మరింత శక్తి పొందుతాయి. పెద్ద సంఘటనల్లో రెండు దారులూ కలిసి పనిచేయవచ్చు. దేని వాటా ఎంత అన్నదానిపై మా రంగంలో దశాబ్దాలుగా వాదన నడుస్తోంది.

అపోహ: ఒకే వేగం ఉన్న సీఎంఈలు ఒకే మోతాదులో కణాలను పంపుతాయి.

లేదు, వెయ్యి రెట్లకు మించిన తేడా కూడా ఉంటుంది. అంతకు ముందు జరిగిన విస్ఫోటాలు వదిలిన, ఇప్పటికే కాస్త వేగం ఉన్న కణాలు దారిలో ఉంటే షాక్ పని సులువవుతుంది.

అపోహ: కణాలు సూటిగా భూమి మీదికి వస్తాయి, కాబట్టి మనకు ఎదురుగా జరిగే విస్ఫోటాలే ప్రమాదం.

విద్యుదావేశం ఉన్న కణాలు అయస్కాంత రేఖల వెంటే నడుస్తాయి. సూర్యుడు తిరుగుతూ ఉండటంతో ఆ రేఖలు అంతరిక్షంలో వంకర తిరిగి ఉంటాయి. భూమికి తగిలే రేఖ సూర్యుడి నడిమధ్య నుంచి కాదు, పడమటి వైపు నుంచి వస్తుంది. 2005 జనవరి 20న అలాంటి పడమటి ప్రాంతం నుంచే కణాలు నిమిషాల్లో వచ్చి, అంతరిక్ష కణాల తాకిడిని నేల మీద కొలిచే న్యూట్రాన్ మానిటర్లలోనూ నమోదయ్యాయి. అలాగని మిగతా దిక్కులను కొట్టిపారేయలేం. వెడల్పాటి షాక్ అవతలి వైపు విస్ఫోటం నుంచి కూడా మనకు కణాలను పంపగలదు.

అపోహ: ధ్రువకాంతులు ఈ కణాల వల్లే.

కాదు. ఆ వెలుగులు ప్రధానంగా భూమి అయస్కాంత ఆవరణలో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లవి. సీఎంఈ వచ్చి ఆ ఆవరణను కుదిపేందుకు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మనం మాట్లాడుకుంటున్న ప్రోటాన్లు అంతకు చాలా ముందే వచ్చేస్తాయి. అవి ధ్రువాల దగ్గర రేడియో సంకేతాలను దెబ్బతీస్తాయి.

అపోహ: ముందస్తు హెచ్చరిక అసాధ్యం.

నేల మీదున్న మనకు వాతావరణం రక్షణ ఇస్తుంది కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. వ్యోమగాములకు అది లేదు. 1972 ఆగస్టులో వచ్చిన భారీ తుఫాను అపోలో 16, 17 యాత్రల మధ్య పడింది కాబట్టి చంద్రుడి దారిలో అప్పుడు ఎవరూ లేరు. ఇప్పుడు ఒక ఆధారం ఉంది. దాదాపు కాంతి వేగంతో వచ్చే ఎలక్ట్రాన్లు పది నిమిషాల్లోనే చేరతాయి. కోటి ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లకు గంటకు పైగా పడుతుంది. ముందొచ్చిన ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చూసి వెనకాల వచ్చే ప్రోటాన్ల తీవ్రతను అంచనా కట్టే పద్ధతి ఇప్పటికే వాడుకలో ఉంది. వ్యోమగాములు నౌకలో మందపాటి గోడలున్న చోటికి చేరడానికి ఆ కొద్ది వ్యవధి పనికొస్తుంది.