చేతి మీది ఆ ఉబ్బు వెనుక

మూత్రపిండాలు చెడి, యంత్రంతో రక్తం శుద్ధి చేయించుకునే, అంటే డయాలసిస్ చేయించుకునేవారి చేతిని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చర్మం కింద రక్తనాళం తాడులా ఉబ్బి ఉంటుంది. వేలు ఆనిస్తే జుమ్మని అదురుతుంది. దాన్నే ఫిస్టులా అంటారు. ఆ చేతికి బీపీ చూడనివ్వరు, ఆ చేత్తో బరువులెత్తరు. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు సాగే చికిత్సకు అదే దారి. కృత్రిమ మూత్రపిండం కథలో అందరూ యంత్రం గురించే చెబుతారు. నాకు మాత్రం ఈ చెయ్యే అసలు మలుపు అనిపిస్తుంది.

ఒళ్లు నీరు పట్టే జబ్బుకు మూలం మూత్రపిండాల్లో ఉందని మొదట పట్టుకున్నవాడు లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్. ఒళ్లంతా నీరు పట్టిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద కాస్తే, అందులోని మాంసకృత్తు (ప్రొటీన్) గడ్డకట్టేది. అలాంటివారు చనిపోయాక కోసి చూస్తే మూత్రపిండాలు పాడైపోయి కనిపించేవి. ఈ రెంటికీ ఉన్న ముడిని ఆయన 1827లో ప్రచురించాడు. ఆ తరువాత నూరేళ్లకు పైగా వైద్యుల చేతిలో జబ్బు పేరు ఉంది, దానికి విరుగుడు లేదు.

1913లో అమెరికాలో జాన్ ఏబెల్ బృందం కుక్కల రక్తాన్ని గొట్టాల గుండా నడిపి శుద్ధి చేసింది. రక్తం గడ్డకట్టకుండా జలగల నుంచి తీసిన పదార్థం వాడింది. 1924లో జర్మనీ వైద్యుడు గేయోర్గ్ హాస్ తొలిసారి మనిషి మీద ప్రయత్నించాడు. రోగికి నిజంగా ఉపయోగపడే యంత్రం మాత్రం నాజీల ఆక్రమణలో ఉన్న హాలండ్‌లో, కాంపెన్ అనే చిన్న ఊళ్లో తయారైంది. విలెం కోల్ఫ్ అనే యువ వైద్యుడు సాసేజ్ తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ము చుట్టూ చుట్టి, అందులో రక్తం పారిస్తూ, దాని మలినాలు నీటిలోకి దిగేలా ఉప్పునీటి తొట్టిలో తిప్పాడు. స్థానిక ఎనామెల్ కర్మాగారం సాయం చేసింది. 1943 మార్చిలో తొలి రోగికి అమర్చాడు. రెండేళ్లకు పైగా ఒకరి తరువాత ఒకరు దాదాపు అందరూ చనిపోయారు. అయినా ఆయన ఆపలేదు. 1945 సెప్టెంబరులో స్పృహ తప్పిన 67 ఏళ్ల మహిళ ఆ యంత్రం వల్ల కళ్లు తెరిచింది. అన్ని మరణాల తరువాత మళ్లీ ఆ డ్రమ్ము తిప్పడానికి ఎంత గుండె కావాలి!

కానీ యంత్రం వచ్చినా దారి లేదు. ప్రతిసారీ ధమనినీ (గుండె నుంచి రక్తం తెచ్చే నాళం) సిరనూ (గుండెకు తిరిగి తీసుకెళ్లే నాళం) కోసి గొట్టాలు పెట్టాలి. ఒకసారి వాడిన రక్తనాళం మళ్లీ పనికిరాదు. కొన్నిసార్లు చేశాక గొట్టం పెట్టే చోటే మిగలదు. అందుకే తాత్కాలికంగా మూత్రపిండాలు ఆగిపోయినవారికే డయాలసిస్. శాశ్వతంగా చెడిపోయినవారిని ఇంటికి పంపేవారు.

ఈ చిక్కును సియాటిల్ వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ విప్పాడు. ఇంజనీరు వేన్ క్వింటన్‌తో కలిసి ధమనినీ సిరనూ చర్మం బయట కలిపే ఒక వంకీని (షంట్) టెఫ్లాన్ గొట్టాలతో చేసి చేతికి శాశ్వతంగా అమర్చాడు. 1960 మార్చి 9న దాన్ని అమర్చుకున్న తొలి రోగి మరో పదకొండేళ్లు బతికాడు. అప్పుడే పెద్ద ప్రశ్న లేచింది. యంత్రాలు కొన్నే, రోగులు ఎందరో. ఎవరిని ఎక్కించాలి? సియాటిల్‌లో ఏడుగురు సభ్యుల సంఘం ఆ పేర్లు తేల్చేది. రోగి సంపాదన, కుటుంబం, సంఘంలో అతని పేరు చూసి మరీ తేల్చేది. 1972లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి ఖర్చు భరించడానికి ముందుకొచ్చాకే ఆ అవసరం తీరింది.

చేతికి బయట వేలాడే ఆ వంకీ తరచూ చీము పట్టేది, పూడుకుపోయేది. న్యూయార్క్‌లో జేమ్స్ చిమినో, మైకేల్ బ్రెషియా 1966లో మరో మార్గం చూపారు. వారి సహచరుడైన శస్త్రవైద్యుడు కెనెత్ అపెల్ మణికట్టు దగ్గర ధమనిని సిరతో కలిపి కుట్టాడు. ధమని ఒత్తిడికి సిర లావెక్కి, గోడ దళసరై, సూది పోట్లను ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. ఇవాళ మనం చూసే ఉబ్బు అదే.

ఈ కథలో మనవాడూ ఒకడున్నాడు. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో హార్వర్డ్‌లో రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించాడు. మూత్రపిండాలు చెడితే రక్తంలో పెరిగేవాటిలో ఫాస్ఫరస్ ఒకటి.

మూత్రపిండ మార్పిడి వేరే పెద్ద కథ. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే కవలల మధ్య చేసి గెలిచాడు. మన దేశంలో 1971లో వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి విజయం సాధించింది.

తెలుగు నేలపై 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తరువాత డయాలసిస్‌నూ కలుపుకుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పలాస, సోంపేట, కవిటిలలో కేంద్రాలు వచ్చాయి. విశాఖ వైద్యుడు టి. రవిరాజు వంటివారు అక్కడి జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే ఎందరికో షుగర్ లేకుండానే మూత్రపిండాలు చెడుతున్నాయి. అక్కడి రోగుల్లో చాలామందికి ఒళ్లు నీరు పట్టదు, మూత్రంలో మాంసకృత్తు కూడా అంతగా పోదు. బ్రైట్ చెంచా అక్కడ ఏమీ చెప్పదు. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం) ఎంతుందో చూసుకుంటేనే తెలుస్తుంది. అది చూసుకునే సరికి చాలామందికి చేతికి ఫిస్టులా పెట్టించుకోవలసిన వేళ అవుతోంది. మూలకారణం ఇంకా తేలలేదు.