పరీక్ష చేయని బోరు ఏ లిస్టులో ఉంటుంది?

నల్గొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్ల మాట ఎత్తితే అది ఫ్లోరైడ్ దగ్గరికే పోతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా పరవాలేదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సర్దుకోవచ్చు అంటాయి భారత ప్రమాణాలు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో తయారుచేసి, దానికి నల్గొండ పేరే పెట్టింది. ఈ ప్రాంతంలో నీళ్ల లెక్క తప్పితే అది కాగితం మీది తప్పుగా మిగలదు.

ఆ లెక్కలను డేటాబేస్‌లోకి ఎక్కించామనుకుందాం. 100 బోర్లు. 40 బోర్లలో ఫ్లోరైడ్ 1.5 దాటింది, 45 బోర్లలో దాటలేదు, మిగతా 15 బోర్ల శాంపిల్ ఇంకా ల్యాబ్‌కు పోలేదు. వాటి కాలమ్ ఖాళీ, అంటే నల్. '1.5 దాటినవి చూపించు' అంటే 40 వస్తాయి. 'దాటనివి చూపించు' అంటే 45. ఆ 15 ఎక్కడికి పోయాయి? ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు. రెండు లిస్టులూ చూడ్డానికి నిండుగానే ఉంటాయి. ఇది సాఫ్ట్‌వేర్ బగ్ అనుకుంటారు చాలామంది. కాదు, కావాలనే అలా పెట్టారు. దీని వెనక దాదాపు 50 ఏళ్ల పంచాయితీ ఉంది.

నల్ రాకముందు ఖాళీ గడిలో ఏదో ఒక దొంగ అంకె వేసేవాళ్లు: 0, 99, మైనస్ 1. ఇప్పటికీ కొన్ని ఎక్సెల్ షీట్లలో ఆ అలవాటు పోలేదు. పరీక్ష చేయని బోరుకు 0 వేస్తే జిల్లాలో అంత స్వచ్ఛమైన నీళ్లు ఇంకెక్కడా ఉండవు. సగటు కూడా దాంతోపాటే దిగిపోతుంది. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ రిలేషనల్ డేటాబేస్ (సమాచారాన్ని టేబుళ్లుగా పెట్టే పద్ధతి) ఆలోచనను ప్రకటించాడు. నల్ విలువలకు మూడు విలువల తర్కాన్ని జోడిస్తూ 1979లో మరో పత్రం రాశాడు. నిజం, అబద్ధం కాక మూడోది 'తెలియదు'. ఈ తర్కం అప్పటికే పాతది. పోలండ్‌కు చెందిన లుకాసీవిచ్ 1920లో, అమెరికన్ క్లీనీ 1938లో ఇలాంటి పట్టికలు వేశారు. ప్రోగ్రామర్లు 'వంద కోట్ల డాలర్ల తప్పు' అని చెప్పుకునేది కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో ప్రోగ్రామింగ్ భాషలో పెట్టిన నల్ రిఫరెన్స్ (దేన్నీ చూపించని గుర్తు) గురించి. అది వేరే సంగతి, రెండింటినీ కలపకూడదు.

కాడ్ లెక్క సూటిగానే ఉంటుంది. తెలియని దాన్ని దేనితో పోల్చినా జవాబు 'తెలియదు'. రెండు ఖాళీలు ఒకదానికొకటి సమానమా అన్నా తెలియదే. అందుకే 'ఈజ్ నల్' అని విడిగా అడగాలి. 'తెలియదు'ను తిప్పేసి 'కాదు' అన్నా 'తెలియదు'గానే ఉంటుంది. మన 15 బోర్లు మాయమైంది అక్కడే. ఇంతవరకూ నాకు కాడ్‌తో పేచీ లేదు. పరీక్ష చేయని బోరును మంచిదనలేం, చెడ్డదనీ అనలేం.

చిక్కు ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాషలో ఉంది. 'తెలియదు' వచ్చిన వరుసను వెతికేటప్పుడు పక్కన పెడుతుంది. అదే షరతును టేబుల్ మీద చెక్‌గా (వరుస చేరేటప్పుడు చూసే నిబంధనగా) పెడితే 'తెలియదు'ను లోపలికి రానిస్తుంది. 'ఫ్లోరైడ్ 1.5 దాటకూడదు' అని చెక్ పెట్టినా పరీక్ష చేయని బోరు దర్జాగా చేరిపోతుంది. 'దాటని బోర్లు చూపించు' అంటే మాత్రం కనిపించదు. గ్రూప్ చేసేటప్పుడు ఖాళీలన్నిటినీ ఒకటే అనుకుని ఒక కుప్పగా పోస్తుంది. పోల్చేటప్పుడు సమానం కానివి అక్కడ ఎట్లా సమానమయ్యాయి? ప్రతి దానికీ ప్రమాణంలో ఒక సమర్థన ఉంది, అన్నీ కలిపి చదివితే మాత్రం పొంతన కుదరదు.

ఇళ్ల సర్వేకు వస్తే ఇది ఇంకా టెన్షన్. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతా ఒక్కరోజే సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు, పాలమూరు వలస కూలీలు పని వదిలి బస్సులెక్కి వచ్చారు. 2024 సర్వేలో 96.9 శాతం కుటుంబాల వివరాలు వచ్చాయని ప్రభుత్వం ప్రకటించింది. మిగిలినవాళ్లెవరో తేల్చాలంటే క్వెరీ (డేటాబేస్‌కు వేసే ప్రశ్న) రాసేవాళ్లకు ముందు తోచేది 'నాట్ ఇన్': సర్వే అయిన ఇంటి నంబర్లలో లేని ఇళ్లు చూపించు. సర్వే టేబుల్‌లో ఒక్కచోట నంబర్ ఖాళీగా ఉందనుకోండి, ఫలితం సున్నా. ఆ ఖాళీ నంబర్ ఏ ఇంటిదైనా కావచ్చు కాబట్టి ఏ ఇల్లూ 'లేదు' అని మెషిన్ చెప్పలేదు. తెర మీద చూసినవాళ్లకు మాత్రం ఒక్క ఇల్లూ మిగల్లేదని అర్థమవుతుంది. 'నాట్ ఎగ్జిస్ట్స్' వాడితే ఈ గండం ఉండదు.

తాళం వేసిన ఇల్లు కూడా ఒక రకం కాదు. ముంబైకి వలస పోయి ఉండవచ్చు, పొలానికి పోయి ఉండవచ్చు, ఇంట్లో ఉండి కూడా చెప్పనని ఉండవచ్చు. అసలు ఆ ప్రశ్న వాళ్లకు వర్తించకపోనూ వచ్చు. కాలమ్‌లో మాత్రం అన్నిటికీ అదే ఖాళీ. ఇది మొదట్లోనే తెలిసిన సంగతి: అమెరికన్ ప్రమాణాల కమిటీ 1975 నివేదికలోనే ఖాళీకి 14 రకాల అర్థాలు చూపించారు. కాడ్ కూడా 1990 నాటి పుస్తకంలో తెలియని ఖాళీ, వర్తించని ఖాళీ అని రెండు గుర్తులు పెట్టి, నాలుగు విలువల తర్కానికి పోయాడు. కంపెనీలు దాన్ని అందుకోలేదు. కాడ్‌తో కలిసి పనిచేసిన క్రిస్ డేట్ అయితే అసలు నల్లే వద్దన్నాడు. తెలియని వివరాన్ని వేరే టేబుల్‌గా విడగొట్టండి, లేని వరుసను లేకుండానే ఉండనివ్వండి అన్నాడు. సిద్ధాంతంగా డేట్ మాటే బలంగా కనిపిస్తుంది. మండల ఆఫీసులో డేటా ఎంట్రీ చేసే మనిషి మీద అన్ని టేబుళ్లు మోపడం నాకైతే కుదిరే పనిలా అనిపించదు. కారణం రాయడానికి పక్కన ఇంకో కాలమ్ పెట్టడం తేలిక. అది ఫారం తయారుచేసేటప్పుడే ఆలోచించాలి.

1986లో ఎస్‌క్యూఎల్ అమెరికా ప్రమాణం అయ్యేనాటికి ఒకే గుర్తున్న నల్ స్థిరపడిపోయింది. తర్వాతివన్నీ అతుకులే. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో ఒరాకిల్ ఒక్క అక్షరమూ లేని మాటను కూడా నల్‌గానే చూస్తుంది, మిగతా ప్రధానమైనవి చూడవు. యూనీక్ కాలమ్‌లో, అంటే ఒకే విలువ రెండోసారి రాకూడని కాలమ్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్క నల్‌నే ఒప్పుకుంటే, పోస్ట్‌గ్రెస్ ఎన్నైనా ఒప్పుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ 2022లో వచ్చిన 15వ వెర్షన్‌లో అది ఎట్లా ఉండాలో మనమే ఎంచుకునే వీలు కల్పించింది. 2023 ప్రమాణంలోనూ ఆ ఎంపిక చేరింది.